పాత లైనక్స్ కంప్యూటర్‌లో బ్రౌజర్ దేనికోసం ఆగుతోంది?

విండోస్ 10కు సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. అవి లేని ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలో చాలానే ఉన్నాయి. ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్నవి, ఆఫీసులు తీసేస్తే సెకండ్ హ్యాండ్‌లో వచ్చినవి, సికింద్రాబాద్ సీటీసీలో బేరమాడి తెచ్చుకున్నవి. వాటిలో లైనక్స్ మింటో, ఉబుంటూనో వేసుకున్నవాళ్లకు మొదట ప్రాణం లేచి వస్తుంది. మెనూలు చకచకా కదులుతాయి, ఫైళ్లు వెంటనే తెరుచుకుంటాయి. బ్రౌజర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాత బాధే. నాలుగు ట్యాబ్‌లు తెరిచారో లేదో సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది, మౌస్ బాణం కూడా కదలదు.

అప్పుడు చాలామంది చేసే మొదటి పని డిస్ట్రో, అంటే లైనక్స్ రకం, మార్చడం. ఉబుంటూ తీసి మింట్, మింట్ తీసి లుబుంటూ, అదీ సరిపోకపోతే ఇంకా తేలికైనది. ఈ మార్పుల వల్ల డెస్క్‌టాప్ వాడే మెమరీ కొన్ని వందల ఎంబీ తగ్గే మాట నిజమే. 2 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో ఆ తేడా తెలుస్తుంది కూడా. కానీ బ్రౌజర్ అదే, తెరిచే పేజీలూ అవే. జీమెయిల్, వాట్సాప్ వెబ్, యూట్యూబ్ తలా ఒక ట్యాబ్‌లో తెరిస్తే ఆదా చేసిన ఆ కొన్ని వందల ఎంబీ అక్కడే కరిగిపోతుంది. శనివారం మొత్తం ఇన్‌స్టాలేషన్‌కు పోతుంది, సోమవారానికి మళ్లీ మొదటికి వస్తుంది.

స్లోగా ఉన్న బ్రౌజర్ ఏదో ఒకదానికోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ర్యామ్‌లో చోటు కోసం కావచ్చు, హార్డ్ డిస్క్ కోసం, ప్రాసెసర్ కోసం, నెట్ కోసం కావచ్చు. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి అన్నిటికీ ఒకే చిట్కా వెతుకుతారు. దేనికోసం ఆగుతోందో ముందు చూస్తే, పైసా ఖర్చు లేకుండా సరిచేయగలిగినవి చాలా ఉన్నాయి. ఖర్చు పెట్టాల్సి వచ్చినా ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

డిస్క్ ర్యామ్ పని చేస్తున్నప్పుడు

2011-13 నాటి మామూలు ల్యాప్‌టాప్ ఒకటి తీసుకుంటే, అందులో రెండో తరమో మూడో తరమో కోర్ ఐ3, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 5400 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ ఉంటాయి. ర్యామ్‌లో కొంత గ్రాఫిక్స్‌కు పోతుంది. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, డెస్క్‌టాప్ కలిసి ఒక జీబీ దాకా తీసుకుంటాయి. మిగిలిన దాంట్లో బ్రౌజర్ సర్దుకోవాలి.

బ్రౌజర్‌కు అంత మెమరీ ఎందుకు కావాలన్నది న్యాయమైన ప్రశ్న. 2008లో వచ్చిన క్రోమ్ ట్యాబ్‌లను వేర్వేరు ప్రాసెస్‌లుగా, అంటే విడివిడిగా నడిచే ప్రోగ్రాములుగా, నడిపే పద్ధతిని జనంలోకి తెచ్చింది. ఒక ట్యాబ్ కూలిపోయినా మిగతావి నిలబడాలన్నది అందులో ఒక ఉద్దేశం. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లోపాలు బయటపడ్డాక విషయం ఇంకా సీరియస్ అయింది. ఒకే ప్రాసెస్‌లో ఉన్న పేజీ పక్క పేజీ రహస్యాలను ప్రాసెసర్ ద్వారా ఊహించగలదని తేలింది. దాంతో క్రోమ్ అదే ఏడాది ఒక్కో వెబ్‌సైట్‌ను ఒక్కో ప్రాసెస్‌లో బంధించడం మొదలుపెట్టింది. ఫైర్‌ఫాక్స్ 2021 చివర్లో అదే బాట పట్టింది. ఇప్పుడు ఒక వార్తా పేజీలో నాలుగు ప్రకటనల సంస్థల ఫ్రేములు ఉంటే ఆ ఒక్క పేజీయే ఐదు ప్రాసెస్‌ల దాకా పోవచ్చు. బ్యాంకు పేజీ పక్కనే ఇంకేదో పేజీ తెరిచి ఉండే మనకు ఈ గోడలు అవసరం. ఆ గోడల ఖరీదు మెమరీ రూపంలో చెల్లిస్తున్నాం.

ర్యామ్ నిండిపోగానే కెర్నల్ కొంత సమాచారాన్ని డిస్క్ మీది స్వాప్‌లోకి నెడుతుంది. ఎస్ఎస్‌డీ ఉంటే ఇది చాలావరకు ఓర్చుకోగల ఆలస్యం. తిరిగే డిస్క్ అయితే కాదు. నిమిషానికి 5400 చుట్లు అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్ అక్కడికి జరగడానికి ఇంకో పది మిల్లీసెకన్ల పైచిలుకు. ర్యామ్ ఇదే పనికి సుమారు 100 నానోసెకన్లు తీసుకుంటుంది. తేడా లక్ష రెట్లు దాటింది. బ్రౌజర్ ఒక ట్యాబ్ నుంచి ఇంకో ట్యాబ్‌కు మారేటప్పుడు ఇలాంటి ముక్కలు వేలల్లో కావాలి. డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూ, పాట ఒకే చోట ఇరుక్కుని, మౌస్ కదలకుండా ఉండే ఆ నిమిషాలు ఇవే.

అనుమానం తీర్చుకోవడం కష్టం కాదు. టెర్మినల్‌లో ‘వీఎంస్టాట్ 1’ అని నడిపి, పక్కన బ్రౌజర్ వాడుతూ ‘ఎస్ఐ’, ‘ఎస్ఓ’ అనే రెండు నిలువు వరుసలు గమనించాలి. స్వాప్ నుంచి ర్యామ్‌లోకి, ర్యామ్ నుంచి స్వాప్‌లోకి సెకనుకు ఎంత వెళ్తోందో అవి చూపిస్తాయి. అప్పుడప్పుడు ఒక అంకె కనిపిస్తే పర్వాలేదు. హ్యాంగ్ అయిన ప్రతిసారీ రెండింట్లో వేలకు వేలు కనిపిస్తే జబ్బు దొరికినట్టే. కెర్నల్ 4.20 నుంచి ఇంకా సూటి కొలత ఒకటి ఉంది. ‘ప్రాక్’ ఫోల్డర్‌లోని ‘ప్రెషర్’లో ‘మెమరీ’ అనే ఫైలు తెరిస్తే, మెమరీ కోసం ఎంత సమయం వృథా అవుతోందో శాతంలో చెబుతుంది. అందులో ‘ఫుల్’ వరుసలో 10 సెకన్ల సగటు 20 అని ఉంటే, గడిచిన పది సెకన్లలో రెండు సెకన్లు ఏ పనీ ముందుకు కదలలేదని అర్థం. సిస్టమ్ స్లో అని నోటితో చెప్పుకోవడానికీ, ఇలా అంకెలో చూడటానికీ చాలా తేడా ఉంది. చేసిన మార్పు పనిచేసిందో లేదో కూడా ఈ అంకే చెబుతుంది.

పైసా ఖర్చు లేని మొదటి మందు జడ్‌ర్యామ్. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించిన స్వాప్‌గా వాడే ఏర్పాటు ఇది. బ్రౌజర్ దాచుకునే సమాచారం సాధారణంగా సగానికో మూడో వంతుకో తగ్గిపోతుంది. కుదించడానికి, విప్పడానికి ప్రాసెసర్ కొంచెం శ్రమపడుతుంది, కానీ పాత ఐ3 అయినా ఆ పనిని హార్డ్ డిస్క్ కన్నా ఎన్నో రెట్లు వేగంగా చేస్తుంది. ఫెడోరా 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి దీన్ని డిఫాల్ట్‌గా పెట్టింది. ఉబుంటూ, మింట్, డెబియన్‌లలో ‘జడ్‌ర్యామ్ టూల్స్’ ప్యాకేజీ వేసుకుని, మొదట చాలా చిన్నదిగా ఉండే దాని పరిమాణాన్ని సెట్టింగ్స్‌లో పెంచుకోవాలి. 4 జీబీ యంత్రానికి ఇంతకన్నా మంచి ఉచిత మార్పు లేదు.

డబ్బు పెట్టగలిగితే ముందు ర్యామ్, తర్వాత ఎస్ఎస్‌డీ. సిస్టమ్ ఆన్ అయ్యే వేగం చూసి మురిసిపోయి చాలామంది ముందు ఎస్ఎస్‌డీకి వెళ్తారు. అది మంచి ఖర్చే. కానీ పైన చెప్పిన అంకెలు స్వాప్‌నే చూపిస్తుంటే, 4 జీబీని 8 జీబీ చేస్తే ఆ జబ్బు మూలమే పోతుంది. కొనేముందు ఒక్క జాగ్రత్త. డీడీఆర్3లో 1.5 వోల్టులది, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ అని రెండు రకాలు. 2013 తర్వాతి చాలా ల్యాప్‌టాప్‌లు రెండో రకమే తీసుకుంటాయి. ఉన్న ర్యామ్ స్టిక్‌ను బయటికి తీసి, లేబుల్ ఫోటో చూపించి కొనడం మేలు. కొన్ని సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అక్కడ జడ్‌ర్యామ్‌తోనే సరిపెట్టుకోవాలి.

ప్రకటనలు ఆపడం గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అది మెమరీనీ ప్రాసెసర్‌నీ నెట్‌నీ ఒకేసారి తేలిక చేస్తుంది. తెలుగు వార్తల సైట్ ఏదైనా తెరిచి చూస్తే, నాలుగు పేరాల వార్త చుట్టూ దానంతటదే ఆడే వీడియో, కిందినుంచి పాకి వచ్చే బ్యానర్, స్క్రోల్ చేసేకొద్దీ పుట్టే కొత్త పెట్టెలు ఉంటాయి. కొత్త ఫోన్‌లో ఇది విసుగు మాత్రమే, పాత ల్యాప్‌టాప్‌లో వార్త చదవలేకపోవడమే. యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే ఆ బరువులో ఎక్కువ భాగం అసలు డౌన్‌లోడే కాదు. క్రోమ్ 2025లో పాత తరహా ఎక్స్‌టెన్షన్‌లను పూర్తిగా ఆపేయడంతో దాని పూర్తి వెర్షన్ అక్కడ పనిచేయదు, బలం తగ్గించిన లైట్ వెర్షన్ మాత్రమే దొరుకుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిది ఇప్పటికీ నడుస్తుంది. పాత కంప్యూటర్‌కు ఫైర్‌ఫాక్స్‌ను ఎంచుకోవడానికి ఈ ఒక్క కారణమే చాలు. రోజూ చదివే పత్రిక బతకాలనుకుంటే ఆ సైట్ ఒక్కదానికి ప్రకటనలు అనుమతించే వీలు అందులో ఉంది, అది వాడాలి కూడా.

పనిచేయని పాత చిట్కాలు

ఇంటర్నెట్‌లో ఏళ్ల తరబడి చేతులు మారుతున్న సలహాలు కొన్ని ఉన్నాయి. ఒకప్పుడు వాటిలో కొన్నింటికి అర్థం ఉండేది.

స్వాపీనెస్ అనే కెర్నల్ సెట్టింగ్‌ను 60 నుంచి 10కి తగ్గించమనేది వాటిలో అన్నిటికన్నా ప్రసిద్ధం. పేరు చూస్తే స్వాప్ తగ్గిపోతుందనిపిస్తుంది. ర్యామ్‌లో రెండు రకాల సమాచారం ఉంటుంది. ప్రోగ్రాములు తయారు చేసుకున్నది ఒకటి, డిస్క్ మీది ఫైళ్ల నకలు ఒకటి. మొదటిదాన్ని బయటికి పంపాలంటే స్వాప్ కావాలి, రెండోదాన్ని ఊరికే పారేయవచ్చు, కావాలంటే డిస్క్ నుంచి మళ్లీ చదువుకోవచ్చు. స్వాపీనెస్ తగ్గిస్తే కెర్నల్ రెండో రకాన్ని ఎక్కువగా పారేస్తుంది. బ్రౌజర్ ప్రోగ్రాం కోడ్ కూడా ఆ రెండో రకమే. ఫైర్‌ఫాక్స్ ప్రధాన లైబ్రరీ ఒక్కటే వంద ఎంబీ దాటుతుంది. దాన్ని పారేయడం, మరుక్షణమే మళ్లీ చదవడం, ఇదే పని అవుతుంది. ‘ఎస్ఐ’ సున్నా చూపిస్తూనే డిస్క్ లైటు ఆరని స్థితి ఇదే. స్వాప్‌ను పూర్తిగా తీసేసినవాళ్లకు ఇది ఇంకా ఘోరంగా ఎదురవుతుంది. జడ్‌ర్యామ్ ఉన్నప్పుడైతే ఈ విలువను పెంచాలి. కెర్నల్ 5.8 నుంచి 200 దాకా పెట్టనిస్తున్నారు.

ర్యామ్ ఖాళీ చేసే స్క్రిప్టులదీ ఇదే కథ. ‘ఫ్రీ’ కమాండ్‌లో ‘ఫ్రీ’ అనే గడి 150 ఎంబీ చూపిస్తే టెన్షన్ పడతారు. చూడాల్సింది ‘ఎవైలబుల్’ గడి. లైనక్స్ ఖాళీగా ఉన్న ర్యామ్‌ను ఫైళ్ల నకళ్లకు వాడుకుంటుంది, అడిగినప్పుడు ఇచ్చేస్తుంది. గంటకోసారి ఆ నకళ్లను తుడిచేస్తే, డిస్క్ మళ్లీ అన్నీ మొదటినుంచి చదవాలి. బ్రౌజర్ క్యాష్‌ను రోజూ క్లియర్ చేయడం కూడా ఇలాంటిదే. నిన్న డౌన్‌లోడ్ చేసిన బొమ్మలనే ఇవాళ మళ్లీ డౌన్‌లోడ్ చేయడం తప్ప ఒరిగేది లేదు.

ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో కంటెంట్ ప్రాసెస్‌ల సంఖ్యను 2కో 1కో తగ్గించమనేది 2017 ప్రాంతంలో మంచి సలహాయే. సైట్‌కో ప్రాసెస్ వచ్చాక ఆ అంకెకు పెద్దగా విలువ లేదు, విడివిడి సైట్లకు ప్రాసెస్‌లు ఎలాగూ పుడతాయి. దానికి బదులు వాడని ట్యాబ్‌ను మెమరీ నుంచి దింపేయడం నేర్చుకోవాలి. 2025 జూన్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 140 నుంచి ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేస్తే ‘అన్‌లోడ్ ట్యాబ్’ కనిపిస్తుంది. ట్యాబ్ అక్కడే ఉంటుంది, మెమరీ మాత్రం వదిలేస్తుంది.

స్పెక్టర్, మెల్ట్‌డౌన్ రక్షణలను కెర్నల్‌లో ఆఫ్ చేయమనే సలహా ఒకటుంది. పాత ఇంటెల్ చిప్‌ల మీద ఆ రక్షణల భారం ఉందన్నది వాస్తవమే. అయినా ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసిన ప్రోగ్రాములను రోజంతా నడిపేది బ్రౌజరే. ఆ బ్రౌజర్ వేగం కోసమే ఆ తలుపు తీసిపెట్టడం తెలివైన పని కాదు.

వీడియో ఆగిపోతుంటే

మిగతావన్నీ బాగుండి యూట్యూబ్ మాత్రమే ఇబ్బంది పెడితే సమస్య వేరు. వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరిస్తే కోడెక్, అంటే వీడియోను కుదించిన పద్ధతి, అనే వరుస ఉంటుంది. అక్కడ వీపీ09 అనో ఏవీ01 అనో కనిపిస్తే, ఆ వీడియో ఈ ల్యాప్‌టాప్ పుట్టిన తర్వాత వచ్చిన భాషలో ఉందన్నమాట. రెండో తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌లో హెచ్.264ను విప్పే ప్రత్యేక విభాగం ఉంది. వీపీ9ను పూర్తిగా విప్పే విభాగం ఏడో తరం కేబీ లేక్‌లో గానీ రాలేదు. ఏవీ1 అయితే 2020 నాటి పదకొండో తరంలో వచ్చింది. ఆ విభాగం లేనప్పుడు భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఫ్యాన్ హోరెత్తుతుంది, ‘డ్రాప్‌డ్ ఫ్రేమ్స్’ లెక్క పెరుగుతూ పోతుంది.

దీనికి మందు చిన్నది. హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే ఈ బ్రౌజర్‌కు వీపీ9, ఏవీ1 రావని యూట్యూబ్‌కు చెబుతుంది. అప్పుడు హెచ్.264 వీడియో వస్తుంది. 1080పీ దాటి దొరకదు, 1366×768 తెర ఉన్న ల్యాప్‌టాప్‌కు 720పీయే చాలు కాబట్టి పోయేదేమీ లేదు.

ఆ తర్వాత గ్రాఫిక్స్ విభాగం నిజంగా పని అందుకుంటోందా అన్నది చూడాలి. లైనక్స్‌లో దీనికి వీఏ-ఏపీఐ అనే దారి ఉంది. ఫైర్‌ఫాక్స్ 2023 జూలైలో వచ్చిన 115వ వెర్షన్ నుంచి ఇంటెల్ గ్రాఫిక్స్‌కు దీన్ని తనంతట తానే వాడుతోంది, అయితే సరైన డ్రైవర్ ఉండాలి. ఇంటెల్ కొత్త మీడియా డ్రైవర్ ఐదో తరం నుంచి మొదలవుతుంది, అంతకన్నా పాతవాటికి ఐ965 డ్రైవర్ కావాలి. కొత్తది ఒక్కటే వేసుకుని రెండో తరం యంత్రంలో ఎందుకు పనిచేయట్లేదని తల పట్టుకునేవాళ్లున్నారు. ‘వీఏఇన్‌ఫో’ కమాండ్ నడిపితే ఏ కోడెక్‌లు అందుబాటులో ఉన్నాయో జాబితా వస్తుంది.

వీడియో లేకుండా మామూలు పేజీ స్క్రోల్ చేసినా గ్రాఫిక్స్ తడబడుతుంటే, ఫైర్‌ఫాక్స్ హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూటింగ్ పేజీలో గ్రాఫిక్స్ భాగం చూడాలి. అక్కడ ‘వెబ్‌రెండర్ (సాఫ్ట్‌వేర్)’ అనో ‘ఎల్ఎల్‌వీఎంపైప్’ అనో ఉంటే తెర మీది ప్రతి చుక్కనూ ప్రాసెసరే గీస్తోందని అర్థం.

వేడి, చార్జర్

‘షిఫ్ట్, ఎస్కేప్’ కలిపి నొక్కితే ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండింట్లోనూ ఏ ట్యాబ్ ఎంత, ఎక్స్‌టెన్షన్‌లు ఎంత ప్రాసెసర్ తింటున్నాయో కనిపిస్తుంది. అందులో దొంగ ఎవరూ దొరకకపోయినా ప్రాసెసర్ వంద శాతం కొట్టుకుంటుంటే, ప్రాసెసర్ తన పూర్తి వేగంతో నడుస్తోందా అన్న అనుమానం రావాలి. ఈ కోణం చాలామంది చూడరు.

పదేళ్ల ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ వెనకాల దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో బయట 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఏసీ లేని గదిలో ఆ వేడిగాలితోనే ల్యాప్‌టాప్ చల్లబడాలి. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లు 100 డిగ్రీల దగ్గరికి రాగానే కాలిపోకుండా తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం మొరాయించే సిస్టమ్‌ను ఈ లెక్కలో చూడాలి. ‘సెన్సార్స్’ కమాండ్ ఉష్ణోగ్రత చెబుతుంది. దుమ్ము దులిపించి, పేస్ట్ మార్పిస్తే ఇరవై డిగ్రీల దాకా తగ్గిన యంత్రాలున్నాయి. పరుపు మీద పెట్టి వాడటం మానేస్తే ఆ ఖర్చు కూడా లేకుండా కొంత మేలు.

చార్జర్ సంగతి ఇంకా విచిత్రం. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు చార్జర్‌ను గుర్తుపడతాయి. అసలుది పోయి డూప్లికేట్ పెట్టినా, పిన్ అరిగినా, బ్యాటరీ చచ్చిపోయినా, కరెంటు సరిపోదేమోనన్న భయంతో ప్రాసెసర్‌ను అట్టడుగు వేగానికి కట్టేస్తాయి. 2.2 గిగాహెర్ట్జ్‌తో నడవాల్సిన చిప్ 800 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. ఏ డిస్ట్రో వేసినా, ఏ బ్రౌజర్ పెట్టినా అంతే. హెచ్‌టాప్ అనే ప్రోగ్రాం సెటప్‌లో ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ చూపించే ఆప్షన్ ఉంది. పని పెట్టినా, చల్లగా ఉన్నా ఆ అంకె 800 దాటకపోతే చార్జర్ మార్చి చూడాలి.

మిగిలిన చిన్న చిన్నవి

బ్రౌజర్ మొదటిసారి తెరుచుకోవడానికే నిమిషం పట్టి, ఆ తర్వాత బాగానే నడిస్తే ప్యాకేజీని అనుమానించవచ్చు. ఉబుంటూ 2022 ఏప్రిల్‌లో వచ్చిన 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్‌ను స్నాప్ రూపంలోనే ఇస్తోంది. స్నాప్ అంటే కుదించి ఉంచిన డబ్బా, తెరిచినప్పుడల్లా విప్పుకోవాలి. తిరిగే డిస్క్ మీద ఇది బాగా తెలుస్తుంది. మొజిల్లా సొంత రిపాజిటరీ నుంచి మామూలు డెబ్ ప్యాకేజీ వేసుకోవచ్చు, మింట్‌లో ఆ బాధే లేదు.

పేజీ తెల్లగా ఉండిపోయి, ఆ సమయంలో ప్రాసెసర్, డిస్క్ రెండూ ఖాళీగా ఉంటే తప్పు నెట్‌ది. అదే వైఫై మీద ఫోన్‌లో ఆ పేజీ తెరిచి చూస్తే సగం తేలిపోతుంది. ఫోన్‌లో బాగుంటే, ల్యాప్‌టాప్ వైఫై పవర్ సేవింగ్ ఆపి చూడాలి. కొత్త ప్రొఫైల్‌తో ఫైర్‌ఫాక్స్ తెరిస్తే హాయిగా నడుస్తోందంటే ఏళ్ల తరబడి పోగైన ఎక్స్‌టెన్షన్‌లలోనే లోపం ఉంది.

ఇవన్నీ 64 బిట్ ప్రాసెసర్ ఉన్నవాటి సంగతి. 2008-09 నాటి చిన్న నెట్‌బుక్‌లలో వాడిన ఆటమ్ ఎన్270 లాంటి చిప్‌లు 32 బిట్‌వి. క్రోమ్ 2016లోనే 32 బిట్ లైనక్స్‌ను వదిలేసింది. ఫైర్‌ఫాక్స్‌లో 144 చివరి వెర్షన్, మరికొంత కాలం అప్‌డేట్లు కావాలనుకున్నవాళ్లకు మొజిల్లా చూపించిన దారి 140వ ఈఎస్ఆర్. ఆ గడువూ దాటాక అలాంటి యంత్రంలో బ్యాంకు పేజీ, మెయిల్ తెరవకూడదు. పాటలు వినడానికి, డౌన్‌లోడ్ చేసిన పుస్తకాలు చదవడానికి, పిల్లలు టైపింగ్ నేర్చుకోవడానికి, నెట్ వైరు తీసేసి, అది ఇంకా పనికొస్తుంది.